ఒకే కవి, ఒకే స్వరకర్త, రెండు పాటలు: సంగీత పురస్కారాలు దేనికి దక్కుతున్నాయి?

మోహనరాగం (చర్చ ఆరంభించిన సభ్యులు)

సంగీత పురస్కారాలు కళానైపుణ్యానికి దక్కుతున్నాయా, ప్రజాదరణకు దక్కుతున్నాయా అన్న ప్రశ్న పాతదే. దానిని గాలిలో చర్చించడం కంటే, మన కళ్ళముందు జరిగిన ఒక ఉదాహరణను పట్టుకుని పరిశీలిస్తే మేలన్న ఉద్దేశంతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

2023 జనవరిలో ‘నాటు నాటు’ పాటకు గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్ వచ్చాయి. స్వరకర్త కీరవాణి గారు, రచయిత చంద్రబోస్ గారు. అదే ఏడాది ఆగస్టు 24న 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాలను ప్రకటించారు. ‘ఆర్.ఆర్.ఆర్.’ 2022లో విడుదలైనా 2021లోనే సెన్సార్ పూర్తి చేసుకుంది కనుక ఆ ఏటి పోటీలోనే ఉంది. ఫలితం చూడండి. పాటల సంగీతానికి బహుమతి ‘పుష్ప’ చిత్రానికి గాను దేవిశ్రీ ప్రసాద్ గారికి వెళ్ళింది. కీరవాణి గారికి వచ్చింది నేపథ్య సంగీతానికి. చంద్రబోస్ గారికి ఉత్తమ గీత రచయిత పురస్కారం వచ్చింది కాని, అది ‘నాటు నాటు’కు కాదు, ‘కొండపొలం’లోని ‘ధం ధం ధం’ పాటకు. ఆ చిత్రానికీ సంగీతం కీరవాణి గారిదే.

అంటే ఒకే కవి, ఒకే స్వరకర్త కలిసి చేసిన రెండు పాటల్లో ప్రపంచమంతా చిందులు వేసిన పాటను ఒక వేదిక ఎన్నుకుంటే, నల్లమల అడవిలోకి గొర్రెలు తోలుకుపోయే కాపరుల కథలోని పాటను, థియేటర్లలో అంతగా ఆడని చిత్రంలోని పాటను, మరో వేదిక ఎన్నుకుంది. పైగా ఆస్కార్ సంగతి తెలిసిన తర్వాతే మన న్యాయనిర్ణేతలు ఈ నిర్ణయం తీసుకున్నారు. ఇందులో ఎవరు ప్రతిభను గౌరవించినట్టు? ఎవరు ఆదరణను గౌరవించినట్టు? సభ్యులు తమ అభిప్రాయాలను కారణాలతో సహా చెప్పాలని మనవి.

సికింద్రాబాద్ శ్రోత

మోహనరాగం గారూ, మంచి ఉదాహరణ ఎంచుకున్నారు. నా దృష్టిలో దీనికి సమాధానం ఆయా పురస్కారాల నిర్మాణంలోనే ఉంది. ఆస్కార్‌లో పాటల విభాగానికి ముందు సంగీత శాఖ సభ్యులు 15 పాటల జాబితా తయారుచేస్తారు, అందులోంచి 5 పాటలను నామినేట్ చేస్తారు. ఇక్కడిదాకా సంగీతజ్ఞులే. తుది ఓటు మాత్రం అకాడమీలోని అన్ని శాఖలవారిదీ. నటులు, కూర్పరులు, దుస్తుల రూపకర్తలు, అందరూ వేస్తారు. అంతమంది ఒక పాటను వినాలన్నా, గుర్తుంచుకోవాలన్నా ప్రచారం తప్పదు. ‘ఆర్.ఆర్.ఆర్.’ భారతదేశపు అధికారిక ఎంట్రీ కాదు. ఆ ఏడు మనం పంపింది గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’. కాబట్టి ఆ బృందం సొంతంగా అమెరికాలో నెలల తరబడి ప్రచారం చేసుకోవలసి వచ్చింది. దానిని నేను తప్పుపట్టడం లేదు. కాని ఆ ప్రచారం లేకపోతే, అదే పాట అంతే గొప్పగా ఉండి కూడా జాబితాలో చోటు దక్కించుకునేదా అంటే నాకు నమ్మకం లేదు.

మరో సంగతి. మన జాతీయ పురస్కారాల్లో ప్రజాదరణకు ఒక ప్రత్యేక విభాగమే ఉంది: ఆరోగ్యకరమైన వినోదాన్ని అందించిన జనాదరణ చిత్రం. ‘ఆర్.ఆర్.ఆర్.’కు అది వచ్చింది. ప్రజాదరణను అక్కడ లెక్కవేసేశారు కనుక, సంగీత విభాగాల్లో న్యాయనిర్ణేతలు వేరే కొలమానంతో చూసి ఉంటారని నా ఊహ.

వీణపాణి

సికింద్రాబాద్ శ్రోత గారు చెప్పిన విభాగాన్ని గురించే ఒక మాట. 1979 సంవత్సరపు చిత్రాలకు ఇచ్చిన 27వ జాతీయ పురస్కారాల్లో అదే జనాదరణ బహుమతి ‘శంకరాభరణం’కు వచ్చింది. దానితోపాటు సంగీతానికి కె.వి. మహదేవన్ గారికి, గానానికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారికి, వాణీ జయరాం గారికి కూడా వచ్చాయి. అంటే ఒకే చిత్రానికి ఒకే చేత్తో ‘జనం మెచ్చినది’ అనీ, ‘సంగీతపరంగా ఉత్తమమైనది’ అనీ రెండు ముద్రలూ వేశారు. త్యాగరాజ కీర్తనను, రాగమాలికను టీ కొట్టు దగ్గర కూడా వినిపించేలా చేసిన చిత్రం అది. కనుక ప్రతిభ, ప్రజాదరణ అనే రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టి ఒకటి తేల్చుకోమనడమే నాకు సమ్మతం కాదు.

నేను విద్యార్థులకు గాత్రం నేర్పుతాను. ‘శంకరాభరణం’ పాటలు నేర్పించమని అడగని పిల్లలు లేరు. అవి విన్న ప్రతిసారీ నాకు తోచేది ఒక్కటే: శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని గాయకుడు ఆ గమకాలను ఎలా పలికించగలిగారు? ఆ జవాబు బాలు గారే అనేక సందర్భాల్లో చెప్పారు. మహదేవన్ గారి సహాయకులు పుహళేంది గారు ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి సంగతినీ (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరును) ఓపికగా నేర్పించారు. ఎక్కడ స్వరాన్ని ఊపాలి, ఎక్కడ నిలపాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అన్న చోట్లు గాయకుడికి అలవడేదాకా పాడించిన మనిషి ఆయన. పురస్కారాల పట్టికలో మాత్రం ఆయన పేరు కనిపించదు. నా బాధ ఇక్కడుంది. ప్రతిభకా, ఆదరణకా అని మనం వాదించుకుంటున్నాం కాని, ప్రతిభకే ఇచ్చిన సందర్భంలో కూడా ఆ ప్రతిభ ఎంతమందిదో పురస్కారం చూడలేకపోయింది.

పదసేవ

వీణపాణి గారి మాటకు కొనసాగింపుగా నా ఆవేదన చెప్పుకుంటాను. తెలుగు పాటకు జాతీయస్థాయిలో ఉత్తమ గీత రచయిత పురస్కారం తెచ్చినవారు ఎవరెవరో చూద్దాం. ‘అల్లూరి సీతారామరాజు’కు శ్రీశ్రీ, ‘మాతృదేవోభవ’కు వేటూరి, ‘ఠాగూర్’కు సుద్దాల అశోక్ తేజ, ‘కొండపొలం’కు చంద్రబోస్, ‘బలగం’కు కాసర్ల శ్యామ్. ప్రతి ఒక్కరూ అర్హులే. కాని ఈ వరుసలో సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు లేరు.

‘సిరివెన్నెల’, ‘శ్రుతిలయలు’, ‘స్వర్ణకమలం’ చిత్రాలకు వరుసగా మూడేళ్ళు నంది అందుకున్న కవి ఆయన. మొత్తం 11 నందులు. 2019లో పద్మశ్రీ. 2021 నవంబర్ 30న కన్నుమూసేదాకా ఒక్క జాతీయ పురస్కారం కూడా రాలేదు. ఇది ఎంత విచిత్రమో రెండు ఉదాహరణలతో చెబుతాను. 1988లో ‘రుద్రవీణ’ వచ్చింది. చిరంజీవి గారి వంటి తార ఉన్నా చిత్రం ఆడలేదు. అయినా సంగీతానికి ఇళయరాజా గారికి, గానానికి బాలు గారికి జాతీయ పురస్కారాలు వచ్చాయి. అంటే న్యాయనిర్ణేతలు వసూళ్ళను చూడలేదు, పాటలను శ్రద్ధగా విన్నారు. ఆ పాటల మాటలు సిరివెన్నెల గారివే. స్వరం నచ్చింది, గొంతు నచ్చింది. ఆ స్వరమూ ఆ గొంతూ దేనిని మోశాయో ఆ మాట మాత్రం పక్కన ఉండిపోయింది. రెండోది 2020 సంవత్సరపు పురస్కారం. ‘అల వైకుంఠపురములో’ పాటలకు తమన్ గారికి జాతీయ పురస్కారం వచ్చింది. ఆ చిత్రాన్ని విడుదలకు ముందే ఇంటింటికీ చేర్చిన ‘సామజవరగమన’ రాసింది సిరివెన్నెల గారే. ఒకటి ఆడని చిత్రం, ఒకటి విపరీతంగా ఆడిన చిత్రం. రెంటిలోనూ ఆయన అక్షరాల మీద ఇంకొకరికి పురస్కారం వచ్చింది, ఆయనకు రాలేదు. దీనిని ప్రతిభ లెక్కలోనూ వివరించలేము, ఆదరణ లెక్కలోనూ వివరించలేము.

సికింద్రాబాద్ శ్రోత

పదసేవ గారూ, దీనికి ఒక కారణం భాష కావచ్చు. 2009 సంవత్సరపు పురస్కారాల నుంచి రెండంచెల విధానం వచ్చింది. ముందు ప్రాంతీయ మండళ్ళు చూసి వడపోస్తాయి, ఆపైన కేంద్ర మండలి నిర్ణయిస్తుంది. కేంద్ర మండలిలో తెలుగు తెలిసినవారు ఎందరుంటారు? మిగిలినవారు ఆంగ్ల ఉపశీర్షికలు చదువుతూ పాటను అంచనా వేయవలసిందే. బాణీకి ఉపశీర్షిక అక్కర్లేదు, గొంతుకూ అక్కర్లేదు. కవికే ఈ ఇబ్బంది. పైగా సిరివెన్నెల గారిది ఒక్క వాక్యంలో తేలిపోయే కవిత్వం కాదు. చరణం నుంచి చరణానికి తర్కం పెరుగుతూ పోతుంది. అది రెండు పంక్తుల ఉపశీర్షికలో ఎంత మిగులుతుందో మీరే ఊహించండి.

పదసేవ

ఆ ఇబ్బంది అన్ని భాషల కవులకూ ఉన్నదే కదండీ. వైరముత్తు గారికి తమిళంలో ఏడుసార్లు వచ్చింది. కాబట్టి ఉపశీర్షికల వల్లే అన్న వివరణ నాకు పూర్తిగా మింగుడుపడదు. మన చిత్రాలను, మన కవులను మండలి ముందు బలంగా నిలబెట్టే ప్రయత్నం మనవైపు నుంచే తక్కువేమో కూడా ఆలోచించాలి.

న్యూజెర్సీ తెలుగు

చర్చను కొంచెం బయటికి తీసుకువెళ్తున్నందుకు మన్నించాలి, కాని విషయానికి సంబంధం ఉంది. ఇక్కడ అమెరికాలో ఈ గొడవ ఏటా గ్రామీ పురస్కారాల సమయంలో నడుస్తుంది. అమ్మకాలతో, చార్టుల్లో స్థానంతో సంబంధం లేకుండా కళాత్మక శ్రేష్ఠతకే ఇస్తామని గ్రామీ నిర్వాహకులు స్పష్టంగా చెబుతారు. అలాంటిది 2020లో అమెరికా అంతటా మోగిపోయిన ‘బ్లైండింగ్ లైట్స్’ గాయకుడు ద వీకెండ్‌కు 2021 గ్రామీల్లో ఒక్క నామినేషన్ కూడా రాలేదు. నియమం ప్రకారం చూస్తే ఇందులో అన్యాయమేమీ ఉండకూడదు, ఎందుకంటే పాట మోగిపోవడం అక్కడ అర్హత కాదు. అయినా పెద్ద దుమారం రేగింది. కారణం ఏమిటంటే, తుది నామినేషన్లను ఎవరో పేరు తెలియని సమీక్షా సంఘాలు తలుపులు వేసుకుని నిర్ణయించేవి. ఆ ఏడు ఏప్రిల్ చివరలో చాలా విభాగాల్లో ఆ సంఘాలను రద్దు చేశారు.

నేను గమనించింది ఇది. ఇదే దేశంలో అమెరికన్ మ్యూజిక్ అవార్డ్స్ ఉన్నాయి, అవి అభిమానుల ఓట్లతో నడుస్తాయి. వాటి మీద ‘ఇది కళ కాదు, ఆదరణ’ అని ఎవరూ మొరపెట్టుకోరు. అవి తామేమిటో చెప్పుకునే వచ్చాయి. మన దగ్గర ఫిల్మ్‌ఫేర్ కూడా పాఠకులు నింపి పంపిన పత్రాలతోనే పెరిగింది. దక్షిణాది చిత్రాలకిచ్చే ఇప్పటి సైమా వేడుకలకు ఆన్‌లైన్ ఓట్లు ఉన్నాయి. వాటితో నాకు పేచీ లేదు. ప్రతిభ పేరు చెప్పి, ఆ ప్రతిభను ఎలా కొలిచారో చెప్పని పురస్కారాలతోనే పేచీ.

ఓరుగల్లు గళం

ఇప్పటిదాకా మాట్లాడిన వారందరికీ నమస్కారాలు. మీరు తూకం వేస్తున్నవన్నీ సినిమా పాటలే. పాట అంటే సినిమాయేనా? జానపద కళాకారుడి దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రశ్న మరింత కరకుగా ఉంటుందని చెప్పదలిచాను.

పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్య గారిని తీసుకోండి. వెదురు బొంగుకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, మెట్లను తేనెమైనంతో అతికించి, ఆ వాద్యాన్ని తానే తయారుచేసుకుని, వీరగాథలు పాడుకుంటూ ఊరూరా తిరిగిన డక్కలి కళాకారుడు. ఆ మైనం ఎండకు మెత్తబడితే మెట్టు కదులుతుంది, శ్రుతి మారుతుంది. మళ్ళీ సరిచేసుకుని వాయించాలి. తరాలుగా వచ్చిన విద్య అది. 2021 సెప్టెంబర్‌లో ‘భీమ్లా నాయక్’ పాట ఆరంభంలో ఆయన గొంతు, ఆయన కిన్నెర వినిపించాయి. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. పద్మశ్రీకి ఆయన నూటికి నూరుపాళ్ళు అర్హుడు. కాని సినిమా పాట రాకముందు కూడా అదే కిన్నెర, అదే గొంతు, అవే మెట్లు. దేశానికి అవి వినిపించాలంటే ఒక పెద్ద కథానాయకుడి చిత్రం కావలసి వచ్చింది. ఇక్కడ పురస్కారం ఆదరణకు వచ్చిందా, ప్రతిభకు వచ్చిందా? ప్రతిభకే వచ్చింది, అయితే ఆదరణ అనే గడప దాటి లోపలికి వచ్చాకే ఆ ప్రతిభ కంటపడింది.

‘బలగం’ సంగతీ అంతే. ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్ గారికి జాతీయ పురస్కారం రావడం తెలంగాణ పలుకుకు దక్కిన గౌరవం. కాని ఆ చిత్రం చివర బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు (ఈ మొగిలయ్య గారు వేరు) పాడిన పాటకు ఏడవనివారు లేరు. ఊళ్ళలో తెరలు కట్టి చూసినప్పుడు, విడిపోయిన అన్నదమ్ములు కలిసిన సంఘటనలు పత్రికల్లో వచ్చాయి. అలాంటి గానాన్ని ఏ విభాగంలో పెట్టి కొలవాలి? నేపథ్య గాయకుల విభాగంలో స్టూడియో గొంతులతో పోటీకి పెట్టాలా?

మోహనరాగం

ఓరుగల్లు గళం గారూ, మీ ప్రశ్న ఈ చర్చకు చాలా అవసరమైనది. ‘గడప’ అన్న మీ మాటను నేను ఇక్కడి నుంచి వాడుకుంటాను. ఆస్కార్‌కు ప్రచారం గడప అయింది. కిన్నెరకు సినిమా గడప అయింది. ‘ధం ధం ధం’ పాటకు మాత్రం అలాంటి గడప ఏదీ లేకుండానే పురస్కారం వచ్చింది. అందుకే ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తున్నాను, ‘నాటు నాటు’ను తక్కువ చేసి కాదు. ‘నాటు నాటు’లో పోలేరమ్మ జాతర, పోతరాజు, జొన్నరొట్టె, మిరపతొక్కు వంటి పల్లె దృశ్యాలను ఆ దూకుడు లయలో ఒక్క అక్షరం ఎక్కువ తక్కువ కాకుండా కూర్చడం సామాన్యమైన పని కాదు. పాటలో సింహభాగం పూటలో వచ్చేసినా, మిగిలినది పూర్తికావడానికి ఏడాదిన్నరకు పైగా పట్టిందని చంద్రబోస్ గారే చెప్పారు. జనం ఎగిరి గంతులు వేశారన్న కారణంతో అందులోని పనితనం తగ్గిపోదు.

నల్లకుంట రసజ్ఞ

నేను కొంచెం భిన్నంగా ఆలోచిస్తున్నాను. అందరూ నిపుణుల తీర్పును చాలా ఎత్తున నిలబెడుతున్నారు. నిపుణులు మాత్రమే కూర్చుని ఇచ్చే గౌరవం ఒకటుంది: కర్ణాటక సంగీతానికి మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారు ఇచ్చే సంగీత కళానిధి. అక్కడ టికెట్ల అమ్మకంతో, వ్యూస్‌తో పని లేదు. శ్రీపాద పినాకపాణి గారికి 1983లో వచ్చింది. ఆయన శిష్యులు నేదునూరి కృష్ణమూర్తి గారికి 1991లో వచ్చింది. అదే పినాకపాణి గారి శిష్యులు, విజయవాడ ఆకాశవాణి ద్వారా మన తరాలకు సంగీతాన్ని అందించిన ఓలేటి వెంకటేశ్వర్లు గారికి రాలేదు. 1989లో ఆయన వెళ్ళిపోయారు. ఓలేటి గారు పాడిన మోహన రాగాన్నో, హమీర్ కల్యాణి రాగాన్నో విన్నవారెవరూ ఆయనకు ఏ విషయంలోనైనా తక్కువ మార్కులు వేయరు. మరి నిపుణుల సభ ఎందుకు ఇవ్వలేదు? ఆయన మద్రాసులో మకాం పెట్టలేదు, సభల చుట్టూ తిరగలేదు. అక్కడా ఒక గడప ఉంది, అది కంటికి కనిపించదు.

వీణపాణి

రసజ్ఞ గారూ, ఓలేటి గారి పేరు తలచినందుకు ధన్యవాదాలు. మీతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తున్నాను. ఇంకొక ఉదాహరణ చేరుస్తాను. నిపుణుల మధ్య కూడా తీర్పు ఎంత సన్నని దారం మీద నిలుస్తుందో చెప్పేది. 1992 చిత్రాలకు జాతీయ సంగీత పురస్కారం విషయంలో ‘తేవర్ మగన్’కు గాను ఇళయరాజా గారికి, ‘రోజా’కు గాను ఎ.ఆర్. రెహమాన్ గారికి ఓట్లు సమానంగా వచ్చాయి. మండలి అధ్యక్షులు బాలు మహేంద్ర గారు తన నిర్ణాయక ఓటును తొలి చిత్రంతోనే అంత పని చేసిన యువకుడు రెహమాన్‌కు వేశారు. బాలు మహేంద్ర గారే తర్వాత ఈ సంగతి చెప్పారు. ఆ ఒక్క ఓటు అటు పడి ఉంటే చరిత్ర పుస్తకాల్లో ఇంకోలా ఉండేది, ఆ రెండు చిత్రాల సంగీతంలో మాత్రం ఒక్క స్వరం కూడా మారేది కాదు. నాకు ఈ కథలో నచ్చేదేమిటంటే, కారణం ఏమిటో తెలిసింది. అధ్యక్షుడు బయటికి వచ్చి, ఇందుకు ఇచ్చాను అని చెప్పగలిగారు. మనం దానితో విభేదించవచ్చు కాని, అనుమానించనక్కర్లేదు.

అదే ఏడు ‘తేవర్ మగన్’ పాటకు ఎస్. జానకి గారికి గాయని పురస్కారం వచ్చింది. నాలుగు జాతీయ పురస్కారాలు పొందిన ఆ మహాగాయని 2013లో పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు. చాలా ఆలస్యంగా వచ్చిందనీ, దక్షిణాది కళాకారులకు తగిన గుర్తింపు ఇవ్వడం లేదనీ చెప్పారు. ప్రతిభకు వయసు నిండిపోయాక ఇచ్చే గౌరవాన్ని కాదనే హక్కు ఆమెకు ఉంది.

ఓరుగల్లు గళం

కాదనడం అంటే గద్దరన్న గుర్తుకు వస్తున్నాడు. ‘ఒరేయ్ రిక్షా’ చిత్రంలోని పాటకు వచ్చిన నందిని ఆయన తీసుకోలేదు. అలాంటి మనిషి పేరు మీద ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం చలనచిత్ర పురస్కారాలు పెట్టింది, 2025 జూన్‌లో మొదటిసారి ప్రదానం చేసింది. ఆ పేరు పెట్టుకున్నందుకైనా అందులో సినిమా బయటి పాటకు, ఊరి గొంతుకు ఒక విభాగం ఉండాలని నా గట్టి కోరిక. గద్దర్ పాట సినిమాల్లోకి వచ్చింది కాని, పుట్టింది సినిమాల్లో కాదు.

పాత బెజవాడ

రాష్ట్ర పురస్కారాల ప్రస్తావన వచ్చింది కనుక నందుల గురించి చెబుతాను. 1964లో మొదలైన ఆ పురస్కారానికి లేపాక్షి బసవన్న రూపం పెట్టారు. నందికి ఒకప్పుడు ఎంత విలువ ఉండేదో పాతతరం వారికి తెలుసు. ‘నంది అవార్డు గ్రహీత’ అని పేరు ముందు రాసుకునేవారు. 2017 నవంబర్‌లో మూడేళ్ళ పురస్కారాలు, 2014, 2015, 2016వి, ఒకేసారి ప్రకటించారు. పక్షపాతం అంటూ వచ్చిన విమర్శలకు అంతులేదు. ఆ తర్వాత సినిమా నందులు ఆగిపోయాయి. ఆ విమర్శల్లో ఎంత నిజముందో నేను తీర్పు చెప్పను. కాని ప్రతి విభాగంలో ఎవరెవరు తుదిదాకా వచ్చారు, ఎవరిని ఎందుకు ఎంచారు అన్నది పది పంక్తుల్లో రాసి ప్రకటించి ఉంటే, సగం గొడవ అక్కడే ఆగిపోయేది. జాతీయ పురస్కారాల పుస్తకంలో ప్రతి విజేతకూ ఒక ప్రశంసావాక్యం అచ్చువేస్తారు, నిజమే. కాని ఆ ఒక్క వాక్యం పొగడ్తగానే ఉంటుంది తప్ప వివరణగా ఉండదు.

‘పాడుతా తీయగా’ 1996లో మొదలైనప్పుడు ఇంటిల్లిపాదీ ఎందుకు కూర్చుని చూశారు? పిల్లల పాట కోసం కొంత, బాలు గారి వ్యాఖ్య కోసం మరికొంత. ఇక్కడ శ్రుతి తగ్గింది, ఇక్కడ ‘శ’ను ‘స’ అన్నావు, ఈ సంగతి మూలంలో ఇలా ఉండదు అని ఆయన చెబుతుంటే చూసేవాళ్ళకు కూడా చెవి తయారైంది. ఓడిన పిల్లవాడికి ఎందుకు ఓడాడో తెలిసేది. పెద్దల పురస్కారాలకు ఆ పాటి మర్యాద ఎందుకు ఉండకూడదు?

నల్లకుంట రసజ్ఞ

పాత బెజవాడ గారి మాట బాగుంది. అయితే జనం తీర్పును కూడా అంత సులువుగా పక్కన పెట్టవద్దని మరొక్కసారి అంటాను. ఘంటసాల గారి విషయమే చూడండి. జాతీయ పురస్కారాల్లో గాయకుల విభాగం 1960ల చివరలో గాని మొదలుకాలేదు. ఆయన 1974లో వెళ్ళిపోయారు. పద్మశ్రీ తప్ప జాతీయ చలనచిత్ర పురస్కారమంటూ ఆయనకు లేదు. అయినా తెలుగు గానానికి కొలబద్ద ఎవరంటే ఆయన పేరే చెబుతాం. అది జనం ఇచ్చిన తీర్పు, అందులో నిపుణులకూ భేదాభిప్రాయం లేదు. తొలివారం ఆదరణ వేరు, యాభై ఏళ్ళ ఆదరణ వేరు. మొదటిదాన్ని డబ్బుతో, ప్రచారంతో తేవచ్చు. రెండోదాన్ని ఎవరూ కొనలేరు.

న్యూజెర్సీ తెలుగు

రసజ్ఞ గారి మాటకు ఇక్కడ ఒక ఏర్పాటు ఉంది. గ్రామీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కనీసం 25 ఏళ్ళు నిండిన రికార్డింగులకే చోటు. ప్రచార హోరు అణగిపోయాక, పాట తన కాళ్ళ మీద తాను నిలబడి ఉందో లేదో చూసి ఇస్తారు. మన భాషలో అలాంటిది ఒకటి ఉంటే సిరివెన్నెల గారికి జరిగినటువంటి లోటు కొంతైనా తీరుతుంది.

మోహనరాగం

ఇది ఆచరణకు వీలైన మాటే. గద్దర్ పురస్కారాల్లో 2014 నుంచి 2023 వరకు ఏటా ఉత్తమ చిత్రాలను వెనక్కి వెళ్ళి ఎంపిక చేశారు కదా. వెనక్కి చూసి గౌరవించే పద్ధతి సాధ్యమేనని దానితో రుజువైంది. అదే పద్ధతి పాటలకు వర్తింపజేయమని ఉభయ రాష్ట్రాల సాంస్కృతిక శాఖలనూ కోరవచ్చు. ముందు మనమే ఇక్కడ పేర్లు సూచిద్దాం. నియమం ఒక్కటే: పాట వయసు 25 ఏళ్ళు దాటాలి, ఎందుకు ఎంచారో రాయాలి, వట్టి పేరు రాస్తే లెక్కలోకి తీసుకోవద్దు.

పదసేవ

నా సూచన ‘రుద్రవీణ’ పాటల సాహిత్యం. కారణం: సంగీతం ఎవరి కోసం అన్న వాదాన్ని కథలో తండ్రీ కొడుకులు సంభాషణల్లో చేసుకుంటే, అదే వాదాన్ని పాటలు ఇంకా లోతుగా చేస్తాయి. సంప్రదాయాన్ని తూలనాడకుండానే, పొరుగువాడి ఆకలి వినిపించని చెవికి రాగం వినిపించినా ప్రయోజనమేమిటని కవి నిలదీస్తాడు. చిత్రం ఆడకపోయినా ఆ పాటలు ఇవాళ్టికీ వేదికల మీద పాడుతున్నారు.

వీణపాణి

నా సూచన 1951 నాటి ‘మల్లీశ్వరి’ సంగీతం. ఆనాటికి జాతీయ సంగీత పురస్కారమే లేదు. అది 1967లో గాని రాలేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి మాటలకు సాలూరి రాజేశ్వరరావు గారు కట్టిన బాణీలను ఈనాటికీ పాఠంగా చెబుతున్నాను. రాగాన్ని విడిచిపెట్టకుండానే పదానికి ఎంత చోటివ్వాలో తెలియాలంటే అంతకు మించిన పాఠ్యం నాకు దొరకలేదు. అయితే పురస్కార పత్రం మీద రెండు పేర్లు ఉండాలి. ఆ చిత్రానికి వాద్య సమ్మేళనం చేసినవారు అద్దేపల్లి రామారావు గారు, టైటిల్స్‌లో ఆ పేరు విడిగా వేశారు. పుహళేంది గారి విషయంలో జరిగినది ఇక్కడ మళ్ళీ జరగకూడదు.

మోహనరాగం

రెండు పేర్లూ రాసుకున్నాను, వీణపాణి గారూ. ఓరుగల్లు గళం గారూ, జానపదం నుంచి మీ సూచన రావాలి. సినిమాలో వచ్చినదే కానక్కర్లేదు.